పదకొండు ముడుల ముడుపు

మా మనవడు ఒకటో తరగతి చదువుతున్నాడు. మొన్న శనివారం బడి నుంచి ఒక కాగితం పట్టుకొచ్చి నా ఒళ్ళో పడేశాడు. మీ ఇంట్లోని పెద్దవాళ్ళు పిల్లలకు డబ్బు దాచుకోవడం, దేవుడికీ లేనివాళ్ళకీ ఇవ్వడం ఎలా నేర్పారో అడిగి పది వాక్యాలు రాసుకురండి అని అందులో ఉంది. ఈ రోజుల్లో ఒకటో తరగతి హోంవర్కంటే పిల్లవాడికి కాదు, ఇంట్లో ఎవరు ఖాళీగా దొరికితే వాళ్ళకి. కొడుకూ కోడలూ ఇంకా ఉద్యోగాల నుంచి రాలేదు. రిటైరైన పంతులమ్మని, నేను దొరికాను. ముప్పై ఏళ్ళపాటు చోడవరం చుట్టుపక్కల బడుల్లో ఇలాంటి ప్రశ్నలే పిల్లలకిచ్చి, వాళ్ళు బుర్రలు గోక్కుంటుంటే కుర్చీలో కూర్చుని చూసినదాన్ని. ఎవరు చేసిన కర్మ వాళ్ళే అనుభవించాలి కదా. కళ్ళజోడు పెట్టుకుని, "మా మామ్మ పిల్లలకు ఒక్కొక్కరికి రెండు మట్టి డిబ్బీలు కొనేది" అని మొదటి వాక్యం చెప్పాను. వాడు నాలుక బయటపెట్టి మరీ రాసుకుని, "ఇంకా తొమ్మిది కావాలి మామ్మా" అన్నాడు. ఆ తొమ్మిదీ ఎలాగో చెప్పాను. పొదుపు మంచిది, దానం మంచిది, చీమ దాచుకుంటుంది, తేనెటీగ దాచుకుంటుంది, ఇలా. వాడికి ఎర్ర సిరాతో ఒక నక్షత్రం వచ్చింది. అసలు జరిగింది చెప్పాలంటే పది వాక్యాలు చాలవు, ఒకటో తరగతి పిల్లాడి చేత రాయించాల్సిందీ కాదు. అందుకని ఇక్కడ రాసుకుంటున్నాను.

ఆ రెండు డిబ్బీల పద్ధతి నాదే, ఎవరూ నేర్పింది కాదు. కె.కోటపాడు బడిలో పనిచేసే రోజుల్లో సంతలో ఒక కుమ్మరాయన, పైన చీలిక పెట్టిన గుండ్రటి మట్టి డిబ్బీలు అమ్మేవాడు. ఒకటి పిల్లాడి కోసం, ఒకటి దేవుడి కోసం. దేవుడి డిబ్బీకి పసుపు రాసి బొట్టు పెట్టి పూజ గదిలో ఉంచేదాన్ని, పిల్లాడిది బీరువా మీద. చేతికి ఏ డబ్బు వచ్చినా, చుట్టం వెళ్తూ వెళ్తూ చేతిలో పెట్టినా, కొట్టుకి పంపినప్పుడు మిగిలిన చిల్లర నేను ఉంచుకోమన్నా, ముందు దేవుడికి ఒక నాణెం, తర్వాత తనకి ఒక నాణెం, ఆ పైన ఏమైనా మిగిలితే జీళ్ళకి. సూత్రాలు రెండే. తన డిబ్బీ నిండేదాకా పగలగొట్టకూడదు. దేవుడి డిబ్బీ ఉగాది నాడు తప్ప ముట్టుకోకూడదు, అందులో పడింది ఇంక మనది కాదు. నేను ఈ పాఠం చెబుతుంటే మా ఆయన పేపరు చాటు నుంచి, "నాక్కూడా ఒకటి కొనకూడదేటి, జీతం ఎలాగూ నీకే ఇస్తన్నాను" అనేవారు. డబ్బు విషయంలో ఆయన నా మాటకు ఎదురు చెప్పిన మనిషి కాదు. ఆ సంగతి ముందే చెప్పడం ఎందుకంటే, తర్వాత జరిగినదాంట్లో ఆయనకు వాటా అంటగట్టడం న్యాయం కాదు.

మొదటి శిష్యుడు మా అబ్బాయి. పదేళ్ళ వయసులో వాడు డిబ్బీని తలకిందులు చేసి, చీలికలోకి నా తలపిన్ను దూర్చి, నాణేలు ఒక్కొక్కటే జార్చుకునేవాడు. తన డిబ్బీ ఖాళీ అయ్యాక దేవుడి డిబ్బీ మీద పడ్డాడు. ఉగాదికి పగలగొడితే అందులోంచి నాలుగు నాణేలూ, రెండు సోడా మూతలూ, చప్పుడు రావడానికి వేసిన గులకరాళ్ళూ వచ్చాయి. పండగ పూట అని కూడా చూడకుండా వీపు వాయించాను. దేవుడి సొమ్ము తిన్నవాడు బాగుపడడని, తల్లిని అయి ఉండీ అనేశాను. ఆ దొంగ ఇప్పుడు అనకాపల్లిలో బ్యాంకు ఆఫీసరు. నిక్షేపంగా ఉన్నాడు. ఈ మధ్య కొంచెం పొట్ట కూడా వచ్చింది.

రెండో శిష్యురాలు మా తమ్ముడి కూతురు. రావికమతం దగ్గర పల్లెలో తమ్ముడికి కొంచెం చెరకు, కొంచెం వరి. ఆ పిల్లకి అయిదో ఏట మెదడువాపు జ్వరం వచ్చి విశాఖ పెద్దాసుపత్రిలో తొమ్మిది రోజులు కళ్ళు తెరవలేదు. ఆసుపత్రి వరండాలో మా మరదలు కొంగు చాపి తిరుపతి వెంకన్నకి మొక్కుకుంది. "నా గుంటని నాకిచ్చీ తండ్రీ. అది ఇంటరు అయ్యిందాకా దాని సేతికొచ్చిన డబ్బుల్లో నీ వాటా తీయించి, దాని సేత్తోటే ముడుపు కట్టించి, దాని సేత్తోటే నీ హుండీలో ఏయిస్తాను." పదో రోజు పిల్ల కళ్ళు తెరిచి మంచినీళ్ళు అడిగింది. డాక్టర్ల వల్లనా, దేవుడి వల్లనా అని అప్పుడు ఎవరం ఆలోచించలేదు. ఇద్దరికీ దణ్ణం పెట్టి, ఆర్టీసీ బస్సెక్కి ఇంటికొచ్చాం.

ముడుపంటే తెలిసిందే కదా, పసుపు గుడ్డలో డబ్బు పెట్టి ముడి వేసి, కొండకి తీసుకెళ్ళేదాకా అలాగే ఉంచడం. ఒకసారి వేసిన ముడి మళ్ళీ విప్పకూడదు. మరి ఏటేటా డబ్బు చేర్చడం ఎలా? మరదలు ఆ సంగతి ఆలోచించకుండా మొక్కేసింది. ఉపాయం నేనే చెప్పాను. మల్లు గుడ్డ రెండు గజాలు పొడుగ్గా చింపి పసుపులో ముంచి ఆరబెట్టాం. ఉగాది నాడు దేవుడి డిబ్బీ పగలగొట్టి, ఆ ఏటి డబ్బు గుడ్డ కొసన పెట్టి పిల్ల చేత ఒక ముడి వేయించాం. మరుసటి ఉగాదికి దాని పక్కన ఇంకో ముడి. అలా ఏడాదికొకటి. నాణేలైతే బరువుకి గుడ్డ చిరుగుతుందని ఆ చిల్లర నేను తీసుకుని, తక్కువ పడితే నాలుగు రూపాయలు కలిపి, అయిదు వందల నోటో, కలిసొచ్చిన ఏడాదైతే వెయ్యి నోటో ఇచ్చేదాన్ని. బడిలో హాజరు పట్టీ మీద సిరా మరక పడితేనే సహించని మనిషిని, దేవుడి ముడుపు గలగలలాడుతూ వేలాడితే ఊరుకుంటానా. నాణేలు నాణేలుగానే ఉంచి ఉంటే బాగుండేదని తర్వాత ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు.

ఆరో తరగతి నుంచి ఇంటరు దాకా ఆ పిల్ల చోడవరంలో మా ఇంట్లోనే ఉండి చదువుకుంది. ఇంత చెప్పిన మాట వినే పిల్లని నా సర్వీసులో చూడలేదు. ఒకసారి ఎవరో చేతిలో అయిదు రూపాయల బిళ్ళ ఒకటే పెట్టారు. ఒక్క బిళ్ళని ఇద్దరికి ఎలా పంచడమో తెలియక, మిట్టమధ్యాహ్నం ఎండలో కొత్తూరు జంక్షను దాకా నడిచి చిల్లర మార్చుకొచ్చింది. బుధవారాలు వినాయకుడి గుడికి వెళ్ళినప్పుడు బయట ఒక కుంటి ముసలమ్మ కూర్చునేది. "అత్తా, ఆ మామ్మకి ఇస్తే దేవుడి వాటాలోంచి ఇవ్వాలా, నా వాటాలోంచా?" అని అడిగింది ఒకరోజు. "నీ వాటాలోంచే. దేవుడిది దేవుడికే" అన్నాను. ఆ రోజు నుంచి జీళ్ళు మానేసింది. ఆ డబ్బు ముసలమ్మకి వెళ్ళేది. నేను ఈ కథ స్టాఫ్ రూములో ఎంత గొప్పగా చెప్పుకున్నానో. పిల్లలకు నేర్పడం అంటే ఇదీ అని, మిగతా టీచర్లు క్యారేజీలు విప్పుకోకుండా వినేవారు. ఒక చిన్న పిల్ల అడిగిన ప్రశ్నకి అంతకంటే మంచి జవాబు ఒకటి ఉండేదని అప్పుడు నాకు తోచనేలేదు.

ఇంటరు రెండో ఏడులో ఉండగా తమ్ముడికి కామెర్లు ముదిరాయి. నాటు మందు, పసరు మందు, అన్నీ అయ్యాక విశాఖ తీసుకెళ్ళారు. పిల్ల బీరువా మీది తన డిబ్బీ తనే పగలగొట్టి, ఆ చిల్లర చున్నీలో మూటగట్టి తల్లికిచ్చింది. అది తన వాటా, అప్పటికి నిండింది కూడా, కాబట్టి దానికి అడ్డు లేదు. నేను ఆసుపత్రికి వెళ్ళినప్పుడు తమ్ముడు పసుప్పచ్చ కళ్ళతో అటూ ఇటూ తిరుగుతున్న నర్సుని చూపించి, "మన గుంటని అలాగ సదివించప్పా. తెల్లబట్టలేసుకుని నలుగురికి సూదులేస్తాది" అన్నాడు. "అలాగేరా" అన్నాను. వాడు అంతకుముందు నన్నేమీ అడిగినవాడు కాదు. మాఘమాసం చివర్లో పోయాడు. అప్పటికి గుడ్డకి పదకొండు ముడులు పడ్డాయి. ఆ ఉగాదికి పన్నెండో ముడి పడలేదు, ఇంట్లో ఏటిసూతకం. ఇంటి మనిషి పోయిన ఏడాదిపాటు ఆ ఇంటివాళ్ళు కొండెక్కకూడదు, మొక్కు తీర్చకూడదు. పెళ్ళైన ఆడపడుచుని గనక నాకు మైల మూడు రోజులే. అంచేత మైల ఇంట్లో ముడుపు ఉండకూడదని దాన్ని తెచ్చి మా పూజ గదిలో తగిలించారు. తండ్రి పోయిన నెలలోపే పిల్ల పరీక్షలు రాసి ఫస్టు క్లాసులో పాసైంది.

జూలైలో ఒక శుక్రవారం మధ్యాహ్నం తల్లీ కూతుళ్ళు షేరు ఆటో దిగి వచ్చారు. విశాఖలో ఒక ప్రైవేటు నర్సింగు స్కూల్లో సీటు వచ్చింది. సోమవారం సాయంత్రం అయిదు గంటల్లోగా మొదటి వాయిదా కట్టకపోతే సీటు వెనకవాళ్ళకి వెళ్ళిపోతుంది. ఆసుపత్రికి చేసిన అప్పులే ఇంకా తీరలేదు, కొత్తగా ఇచ్చేవాడు లేడు. చెరకు చేతికి రావడానికి ఇంకా ఆరు నెలలుంది. మరదలు మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, పూజ గది వైపు చూసింది.

"ఒదినా, ఒక మాటంటాను, కోప్పడకు. ఆ ముడుపు ఇప్పితే ఎలాగుంటాది? ఇప్పుడు కట్టాల్సినదానికి సుమారుగా సరిపోద్ది. తక్కువైంది నాను ఎలాగోలా తెస్తాను. సెరుకు కొట్టేక నోటుకి నోటు మళ్ళీ ముడేసీద్దుము. మొక్కుకున్నదాన్ని నానే కదా, పాపమేదో నా నెత్తినే ఏసుకుంటాను."

నేను నోరు తెరవకముందే పిల్ల అందుకుంది. "అమ్మా, అది మనది కాదు." గొంతు దానిదే గాని మాట నాది. పన్నెండేళ్ళుగా నేను చెప్పిన తీరులోనే చెప్పింది. చెప్పి నా వైపు తిరిగింది. "అత్తా, నువ్వు సెప్పు. తియ్యొచ్చా?"

ఆ పిల్ల నన్ను సూత్రం అడగలేదు, సూత్రం దానికి నాకంటే బాగా తెలుసు. నన్ను సెలవు అడిగింది. తియ్యవే అని ఒక్క మాట అని ఉంటే చాలు. ఎందుకు అనలేదో ఇప్పుడు చాలా కారణాలు చెప్పగలను. తమ్ముడి పదో రోజునాడు ఊళ్ళో ఆడవాళ్ళు నా చెవిన పడేలాగే అన్నారు, మొక్కు ఏళ్ళకేళ్ళు నాన్చేరు, ఆ దోషమే ఇంటి మగోణ్ణి తీసుకుపోనాదని. ఆ మొక్కు ఈ పిల్ల ప్రాణానికి కట్టింది. ముడి విప్పాక దీనికి ఏదైనా అయితే? భయం నిజమే. కానీ భయం ఒక్కటే కాదు. స్టాఫ్ రూములో చెప్పుకున్న కథ ఉంది కదా, అది చెడిపోతుందని కూడా. "దేవుడిది దేవుడిదేనమ్మా" అన్నాను. పిల్ల తలూపింది. అలాంటి జవాబు వస్తుందని దానికి ముందే తెలుసు. మరదలు కొంగుతో మొహం తుడుచుకుంది. నేను లేచి ఇద్దరికీ అన్నం వడ్డించాను. దొండకాయ వేపుడు బాగుందని పిల్ల రెండోసారి వేయించుకుంది.

నా దగ్గర డబ్బు లేదా అంటే, ఉంది. మేడ మీద ఒక గది వేసుకుందామని బ్యాంకులో అయిదేళ్ళకి డిపాజిట్ వేశాను. గడువు తీరడానికి ఇంకా ఎనిమిది నెలలుంది, మధ్యలో తీస్తే వడ్డీ తగ్గుతుంది. నిండని డిబ్బీ పగలగొట్టకూడదని ఇంటిల్లిపాదికీ చెప్పినదాన్ని నేనే. ఆ డిపాజిట్ కాగితం ఫైల్లో పెట్టింది కూడా ఆ పిల్లే, దానికి అంతా తెలుసు. అడగలేదు. ఒకరి వాటాలో చెయ్యి పెట్టకూడదని నేర్చుకుంది మరి. "వచ్చే ఏడు చూద్దాంలే, సీట్లు ఎక్కడికి పోతాయి" అన్నాను. తమ్ముడికి ఇచ్చిన మాట ఆ శనివారం, ఆదివారం రెండు రోజులూ గుర్తొస్తూనే ఉంది. గుర్తొచ్చినప్పుడల్లా ఏదో ఒక పని కల్పించుకున్నాను. పప్పులు ఎండబెట్టాను, బీరువా సర్దాను. సోమవారం బడి నుంచి వచ్చి టీ పెడుతూ గోడ గడియారం వైపు చూశాను. అయిదుకి పది నిమిషాలుంది. పాలు పొంగాయి. స్టవ్వు తుడుచుకుని మళ్ళీ చూసేసరికి అయిదు దాటింది.

ఆ నవంబరులోనే అయిదు వందలు, వెయ్యి నోట్లు ఇక చెల్లవని టీవీలో చెప్పారు. చోడవరం బ్యాంకుల ముందు జనం రోడ్డు మలుపు దాకా నిలబడ్డారు. మొగుళ్ళకి తెలియకుండా పోపుల డబ్బాల్లోనూ బియ్యం డ్రమ్ముల్లోనూ దాచుకున్న ఆడవాళ్ళంతా ఒక్కసారిగా బయటపడ్డారు. వరసలో నా ముందున్న ఆవిడని ఆవిడ మొగుడు, "ఇన్నాళ్ళూ కూరలకి డబ్బుల్లేవని ఏడిపించేవు కదే" అని అందరిముందూ అడిగాడు. నేనూ మా ఇంట్లోని నోట్లు పట్టుకుని రెండు రోజులు నిలబడ్డాను. అప్పటికి కాళ్ళ నొప్పులు మొదలయ్యాయి, అంచేత నేను అరుగు మీద కూర్చుంటే నా స్థానంలో మేనకోడలు నిలబడింది. పల్లె నుంచి ఆ పని కోసమే పొద్దున్నే వచ్చింది. రెండో రోజు, కిటికీ దగ్గర పడ్డాక, నా చెవి దగ్గరకొచ్చి మెల్లిగా అడిగింది. "అత్తా, మరి ముడుపులోయి కూడా ఈ నోట్లే కదా?"

"ఏటిసూతకంలో ముడుపు ఇప్పకూడదు" అన్నాను. "అయినా దేవుడి నోటుకి రద్దేటే? కొండ మీద హుండీలో పడ్డదాన్ని ఎవరు కాదంటారు?"

ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన మనిషిని, అది నిజం కాదని నాకు తెలియదా. తెలుసు. కానీ జూలైలో విప్పకూడని ముడి నవంబరులో విప్పొచ్చంటే, జూలైలోనూ విప్పొచ్చనే కదా అర్థం. అప్పుడా సీటు ఊరికే పోయినట్టు. పోగొట్టింది నేను అయినట్టు. ఆ మాట నా నోటితో నేను ఒప్పుకోలేకపోయాను. పిల్ల సరేనంది. మార్చిన నా నోట్లు జాగ్రత్తగా లెక్కపెట్టి నా సంచిలో పెట్టింది. గడువు డిసెంబరు నెలాఖరు దాకా ఉంది, అన్ని రోజులూ ఆ పసుపు గుడ్డ మా పూజ గదిలో కళ్ళ ముందే వేలాడింది. రోజూ దాని కిందే దీపం పెట్టాను.

తమ్ముడి సంవత్సరీకం అయ్యాక ముగ్గురం అనకాపల్లిలో రైలెక్కి తిరుపతి వెళ్ళాం. అప్పటికి ఆ నోట్లతో పొయ్యి రాజేసుకోవడం తప్ప ఇంకేమీ కాదని పసిపిల్లలకి కూడా తెలుసు. దారిలో మరదలు ఒక్కసారే ఆ ఊసెత్తింది. "కాయితాలైపోతే పోనీ, మొక్కు మొక్కే కదా" అంది. నన్నుద్దేశించి కాదు, కిటికీలోంచి బయటకు చూస్తూ. హుండీ దగ్గర తోపులాటలో పిల్ల గుడ్డని రెండు చేతులా పట్టుకుని లోపలికి వదిలింది. పదకొండు ముడులూ ఒకదాని వెనక ఒకటి జారిపోయాయి. అయిదో ఏట వంకర టింకరగా వేసిన మొదటి ముడి ఆఖరున వెళ్ళింది. తర్వాత తన పర్సులోంచి పది రూపాయల నోటు ఒకటి తీసి, నాలుగు మడతలు పెట్టి, "ఇదొక్కటైనా సెల్లుద్ది తండ్రీ" అని అదీ వేసింది. వెనకవాళ్ళు జరగండి జరగండి అని తోసేస్తున్నారు. అంత దూరం వెళ్ళి కూడా నేను దేవుడి మొహం తిన్నగా చూడలేదు. అన్నేళ్ళ మొక్కులో ఆయనకు నిజంగా ముట్టింది ఆ పది రూపాయలే.

అదే నెలలో డిపాజిట్ చేతికొచ్చింది. చెప్పిన వడ్డీ చెప్పినట్టు, పైసా తగ్గకుండా. మేడ మీద గది వేయించాం. మొదటి వేసవిలోనే తెలిసింది, పైకప్పు వేడికి అందులో మనిషి ఉండలేడని. ఇప్పుడు పాత పేపర్లూ, విరిగిన ఫ్యానూ అక్కడ ఉంటాయి. వచ్చే ఏడు చూద్దామన్న ఆ వచ్చే ఏడు రాకపోలేదు, వచ్చింది. అప్పటికి మేనకోడలు అచ్యుతాపురం వైపు బట్టల ఫ్యాక్టరీలో కుదిరింది. తెల్లారకుండానే కంపెనీ బస్సు వచ్చేది. తండ్రి చేసిన అప్పులు అది తీర్చింది. తర్వాత ఒక ఆటో డ్రైవరుతో పెళ్ళైంది, ఒక ఆడపిల్ల పుట్టింది. మరదలు పొలం కౌలుకిచ్చేసి కూతురి దగ్గరే ఉంటోంది. నేను రిటైరైనప్పుడు దండ వేసి సన్మానం చేశారు. విద్యార్థులకు విలువలు నేర్పిన ఉపాధ్యాయిని అని మైకులో చెప్పారు. మేనకోడలు చంటిపిల్లనెత్తుకుని వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది.

నిరుడు నాకు బీపీ పెరిగి కళ్ళు తిరిగి పడిపోతే మా అబ్బాయి అనకాపల్లిలో ఒక నర్సింగ్ హోంలో చేర్పించాడు. తెలిసిన మనిషి ఉంటుందని అక్కడికే తీసుకెళ్ళాడు. ఆ తెలిసిన మనిషి మేనకోడలే. ఫ్యాక్టరీ మానేసి అక్కడ ఆయాగా చేస్తోంది. నీలం రంగు చీర, చేతిలో బకెట్టు. రెండు రోజులూ నా మంచం పక్కనే తిరిగింది, తల దువ్వింది, బాత్‌రూముకి నడిపించింది. రెండో రోజు పొద్దున నేల తుడుస్తూ నా చెయ్యి చూసి ఆగిపోయింది. "సిస్టర్, సెలైను నరంలోకి ఎళ్ళడం లేదండి, సెయ్యి ఉబ్బుతంది" అని పిలిచింది. ఆ నర్సమ్మకి ఇరవై ఏళ్ళు ఉంటాయో లేదో, తెల్లబట్టల్లో చక్కగా ఉంది. "నీకెందుకు ఆయమ్మా ఇవన్నీ, నీ పని నువ్వు చూసుకో" అంది. అని వచ్చి చూసి, సూది మార్చింది. మేనకోడలు తల వంచుకుని తడిగుడ్డ పిండుకుంది. నాకు చెయ్యి నొప్పి తెలియలేదు.

ఇంటికి పంపించే రోజున దాని కూతురు వచ్చింది, అయిదేళ్ళది. చేతిలో నోటు పెట్టాను. పిల్ల అటు తిరిగి ఇటు చూసేలోగా ఎదురు కొట్టుకెళ్ళి చిప్సూ, కూల్‌డ్రింకూ, ఏదో ప్లాస్టిక్ బొమ్మా తెచ్చేసుకుంది, చేతిలో రూపాయి మిగల్లేదు. నా మొహంలో ఏం కనిపించిందో, మేనకోడలు నవ్వింది. "మా ఇంట్లో డిబ్బీలూ గిబ్బీలూ లేవత్తా. వచ్చింది వచ్చినట్టు తినేస్తాం. తిన్నది మాత్రం ఎవులూ రద్దు సెయ్యలేరు కదా." మునుపటి మనిషినైతే ఒక పాఠం చెప్పేదాన్ని. ఆ రోజు మాత్రం దాని చెయ్యి పట్టుకుని, ఇప్పుడైనా నర్సింగులో చేరవే, ఎంతైనా నేను కడతాను, ఆ సంవత్సరం నేను కట్టగలిగి ఉండీ కట్టలేదు అని చెప్పేశాను. తొమ్మిదేళ్ళుగా నోట్లో ఉన్న మాట. ఏడ్చాను కూడా.

అది నా మాటకి ఆశ్చర్యపోలేదు. "తెలుసత్తా" అంది. "ఇప్పుడేటి సదువు? మూడేళ్ళు జీతం మానీసి కూకుంటే ఆటో వాయిదా ఎవులు కడతారు, గుంటని ఎవులు సూస్తారు? నువ్వేడవకు. నీ తప్పేటుంది, నువ్వు మంచే నేర్పేవు."

తిట్టి ఉంటే ఎంత బాగుండేదో. పదిమందిలో నిలబెట్టి నీ వల్లే అని అరిచి ఉంటే, ఇంటికొచ్చి ఒక పూట పడుకుని లేచేదాన్ని. అది మాత్రం నా కొంగు సర్ది, చెప్పులు తొడిగి, కారు దాకా నడిపించి, లోపల ఎవరో ఆయమ్మా అని పిలిస్తే పరిగెత్తుకుంటూ వెళ్ళిపోయింది. ఆ జూలై నుంచి ఇప్పటిదాకా మా అబ్బాయికి పెళ్ళైంది, మనవడు పుట్టాడు, నోట్ల రంగులు మారి వాటిని కూడా చూసే పని లేకుండా జనం ఫోన్లతోనే కానిచ్చేస్తున్నారు. అందరికీ కాలం గడిచింది. నాకు మాత్రం ఆ సోమవారం ఇంకా పూర్తికాలేదు. రోజూ అయిదుకి ఇంకా పది నిమిషాలు ఉంటుంది, రోజూ నేను ఏమీ చెయ్యను.